తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాల మీద పర్లాకిమిడి బండి

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం వెళ్ళే చిన్న రైలు ఎక్కినవాళ్ళకి నేను పెద్దగా వివరించక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి అసలు విషయంలోకి, అంటే నేను కొన్న మోడల్ రైలు ఇంజను కథలోకి వస్తాను. పర్లాకిమిడి మహారాజావారు వేయించిన లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా బండి నడిచింది, 1931 నాటికి గుణుపురం చేరింది, మొత్తం దూరం 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య వెడల్పు రెండు అడుగుల ఆరు అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. అదే నౌపడ స్టేషన్లో పక్కన పోయే హౌరా–మద్రాసు మెయిన్ లైను వెడల్పేమో 1676. చిన్నప్పుడు ఆ రెండూ ఒకేచోట చూసి పెద్ద రైలుకి పుట్టిన పిల్ల రైలు ఇది అనుకునేవాణ్ణి. బ్రాడ్‌గేజ్‌కి మార్చడం కోసం 2004లో చిన్న బండిని ఆపేశారు, 2011 కల్లా గుణుపురం దాకా పెద్ద రైలు వచ్చేసింది. ఆ ఊళ్ళకి దానివల్ల మంచే జరిగింది, అందులో నాకు రెండో మాట లేదు. అయినా ఆ చిన్న ఇంజను మీద ప్రేమ మాత్రం పోలేదు, పోదు కూడా.

మాది టెక్కలి. అమ్మ పుట్టిల్లు పాతపట్నం. కాబట్టి సెలవులంటే ఆ బండే. టెక్కలిలో ఎక్కితే తెంబూరు మీదుగా పాతపట్నం, ఆ తర్వాత స్టేషన్ పర్లాకిమిడి, అంటే ఒడిశా. అమ్మమ్మ నీలమణి దుర్గమ్మ గుడికి తీసుకెళ్తుందని, తాతయ్య పర్లాకిమిడి బజారులో ఏదో ఒకటి కొనిపెడతాడని ఆశ ఉండేది గానీ, నిజం చెప్పాలంటే నాకు ఊరు చేరడం కన్నా దారే ఎక్కువ ఇష్టం. కిటికీ పక్కన కూర్చుని, కాగితం పొట్లంలో మురీలు తింటూ, బొగ్గు నుసి కళ్ళల్లో పడినా తల లోపలికి పెట్టకుండా ఇంజను వైపే చూసేవాణ్ణి. మలుపు తిరిగేటప్పుడు ఇంజను పూర్తిగా కనబడేది. ఆ కొద్దిసేపు కోసం దారి పొడుగునా ఎదురుచూడటమే. కార్తీక సోమవారాలు రావివలస ఎండల మల్లన్న దగ్గరికి వచ్చే జనంతో బండి కిక్కిరిసిపోయేది, ఫుట్‌బోర్డు మీద కూడా మనుషులు, పైగా కావిళ్ళు, బుట్టలు, కోళ్ళు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా రెండో మావయ్య ఆ లైనులోనే ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మేన్‌గా చేసేవాడు, నౌపడ షెడ్డులో డ్యూటీ. బండి ఆగినప్పుడు ఇంజను మీంచి నన్ను చూసి చెయ్యి ఊపితే, ఆ డబ్బాలో కూర్చున్న పిల్లలందరిలో నేనొక్కణ్ణే గొప్పవాణ్ణి అనిపించేది. తొంభైల మొదట్లో డీజిల్ ఇంజన్లు వచ్చాయి, మావయ్య వాటి మీద కూడా పనిచేశాడు, కానీ వాటి గురించి ఎప్పుడూ ఏమీ చెప్పడు. చెప్పేదంతా ఆవిరి ఇంజన్ల గురించే.

ఇప్పుడు అసలు విషయం. చాలాకాలంగా మోడల్ రైలు ఇంజను ఒకటి కొనాలని ఉంది. బొమ్మల షాపులో బ్యాటరీ వేసి నడిపే రైలు కాదు, కొలత ప్రకారం చేసిన అసలు మోడల్. విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాక మేడ మీద గదిలో ఒక బల్ల దానికోసమే వదిలేశాను. ఆలస్యం ఎందుకైందంటే ఏ సైజు తీసుకోవాలో తేల్చుకోలేక. మామూలుగా అందరూ మొదలుపెట్టేది హెచ్‌ఓ స్కేలు, అసలు దానికి 87వ వంతు. దాని పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది యూరప్, అమెరికాల్లో ఉండే 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన రావాలి, అందుకే ఆ పట్టాల మీద పెట్టిన మన ఇంజన్లు చూస్తే ఒళ్ళు పెద్దది, కాళ్ళు దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తాయి. అది చూసి నా మనసు ఒప్పుకోలేదు. ఒకరోజు ఊరికే 762ని 87తో భాగించి చూశాను. 8.76 వచ్చింది! తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు బయట సులభంగా దొరుకుతాయి, ఎన్ గేజ్ అని హెచ్‌ఓ కన్నా చిన్న మోడళ్ళు నడిపేవాళ్ళు వాడేవి అవే. అంటే మా నౌపడ లైను ఆ పట్టాల మీద ఇంచుమించు సరిగ్గా కూర్చుంటుందన్నమాట. ఆ లెక్క చూశాక వేరే ఆలోచన లేదు, న్యారోగేజే.

కెర్ స్టూవర్ట్ కంపెనీ చేసిన పర్లాకిమిడి ఇంజనే కావాలంటే చేత్తో చేయించుకోవాలి, అది పెద్ద పని. అందుకని తయారుగా దొరికేవాటిలో మన దేశంతో సంబంధం ఉన్నది ఏదా అని వెతికాను. బాల్డ్‌విన్ అనే ఇంజను దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకి సరుకులు చేరవేయడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఫిలడెల్ఫియాలోని బాల్డ్‌విన్ ఫ్యాక్టరీకి 1916, 17ల్లో వీటిని ఆర్డర్ ఇచ్చింది. 600 మిల్లీమీటర్ల గేజి, దాదాపు ఐదొందల ఇంజన్లు. యుద్ధం అయిపోయాక మిగిలినవాటిలో కొన్ని మన దేశానికి అమ్మేశారు, ఉత్తరప్రదేశ్‌లో చక్కెర మిల్లుల్లో చెరకు లాగుతూ దశాబ్దాల పాటు బతికాయి, ఆ మిల్లుల నుంచే కొన్నిటిని మళ్ళీ ఇంగ్లాండు తీసుకెళ్ళి బాగుచేసి నడుపుకుంటున్నారు. ఫ్రాన్సు యుద్ధభూమిలో తిరిగిన ఇంజను మన రైతుల చెరకు లాగింది అంటే నాకు అదొక్కటి చాలు దాన్ని ఇష్టపడటానికి. బాక్‌మన్ కంపెనీ దీన్ని ఓఓ9 అనే సైజులో చేస్తుంది, అంటే స్కేలు 76.2వ వంతు, పట్టాలు మాత్రం అవే తొమ్మిది మిల్లీమీటర్లు. ఈ స్కేల్లో 762కి కచ్చితంగా పది మిల్లీమీటర్లు రావాలి కాబట్టి నా 8.76 లెక్క కాస్త జరిగిందని నాకూ తెలుసు, కానీ బల్ల పక్కన నిలబడి చూసే కంటికి ఒక్క మిల్లీమీటరు తేడా ఇబ్బంది పెట్టదు.

బయటి నుంచి తెప్పించుకోవడమంటే మళ్ళీ టెన్షన్. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. పోస్టులో తెప్పిస్తే ఇంజను ధర మీద సుంకం, పన్నులు కూడా పడతాయి. అక్క కొడుకు ఇంగ్లాండులో ఉద్యోగం చేస్తున్నాడు, దసరాకి వస్తూ బట్టల మధ్య జాగ్రత్తగా పెట్టి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి మావయ్య కూడా మా ఇంటికి వచ్చి ఉన్నాడు. ఎనభై దాటాయి, చెవులు కొంచెం తక్కువ, చూపు మాత్రం ఇప్పటికీ పదును.

పెట్టె విప్పడం అనేది తొందరపడి చేసే పని కాదండీ. పైన కాగితం తొడుగు, లోపల గట్టి అట్టపెట్టె, అందులో ఇంజను ఆకారానికి సరిగ్గా తీసిన ప్లాస్టిక్ గూడు, దాని మీద ఇంకో మూత. కొత్త ప్లాస్టిక్, నూనె కలిసిన ఒక వాసన వస్తుంది, ఆ వాసన రాగానే నా గుండె వేగంగా కొట్టుకుంది. బయటికి తీసేటప్పుడు రెండు పక్కల నీళ్ళ ట్యాంకుల దగ్గర పట్టుకోవాలి, పైపులు, మెట్లు, కడ్డీలు ముట్టుకుంటే విరుగుతాయి. అరచేతిలో పెట్టుకున్నాను. సైజుకి మించిన బరువు! లోపల పోత లోహం ఉంటుంది, చిన్న ఇంజను పట్టాలని గట్టిగా పట్టుకోవాలంటే ఆ బరువే దిక్కు. నల్ల రంగు, మెరుపు లేదు, నిజం ఇంజను మీద మసి కమ్మితే ఎలా ఉంటుందో అలా ఉంది. చక్రాలకి బయట కడ్డీలు, వాటి పైన ఆవిరి వదిలే వాల్వులని కదిపే వాల్వ్ గేర్ కడ్డీలు, ఒక్కొక్కటీ గుండుసూది కన్నా సన్నం. డ్రైవర్ నిలబడే క్యాబ్‌లోకి తొంగిచూస్తే బొగ్గు మండే ఫైర్‌బాక్స్ తలుపు, దాని పైన గేజిలు, కొళాయిలు కూడా చేశారు. చిన్న పొట్లంలో విడిగా పెట్టుకునే ముక్కలు కొన్ని ఇచ్చారు, వాటిని ఆ రోజు తెరవలేదు.

మావయ్య చేతిలో పెట్టాను. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన అన్న మొదటి మాట ఇది:

"సిన్న సక్రాలు ముందుకెట్టేరేటిరా? మన దానికి ఎనకాల కదా!"

నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన అన్నది అక్షరాలా నిజం. బాల్డ్‌విన్‌కి ముందు నాలుగు చిన్న చక్రాలు, తర్వాత ఆరు పెద్దవి. పర్లాకిమిడి ఇంజన్లకి ముందు ఆరు పెద్ద చక్రాలు, నాలుగు చిన్నవి వెనకాల, బొగ్గు పెట్టే బంకరు కింద. ముప్పై ఏళ్ళ పైన ఆవిరి ఇంజను ముట్టుకోని మనిషి ఆ ఒక్క చూపులో పట్టేశాడు. "మరయితే ఎనక్కి తోలితే సరిపోద్ది కదా మావయ్యా" అన్నాను. ఆలోచించి, "సరిపోద్ది. ట్యాంకు ఇంజనుకి ముందూ ఎనకా ఒకటే, తిప్పక్కర్లేదు" అన్నాడు. ట్యాంకు ఇంజను అంటే నీళ్ళు, బొగ్గు వెనకాల వేరే డబ్బాలో కాకుండా ఇంజను మీదే మోసుకుపోయేది. చివరి స్టేషన్లో ఇంజను విప్పి, పక్క లైను మీంచి బండి రెండో చివరికి తెచ్చి తగిలిస్తే చాలు, ఇంజనుని గుండ్రంగా తిప్పే టర్న్‌టేబుల్ అవసరం లేదు. చిన్న లైన్లలో ఎక్కువగా ఇవే ఉండటానికి అదొక కారణం.

బల్ల మీద పట్టాలు ముందే వేసి ఉంచాను, దాదాపు 60 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రం, ఒక పక్క దాని నుంచి చీలి మళ్ళీ కలిసే చిన్న లూపు లైను. పట్టాలు నికెల్ సిల్వర్, ఇనుములా తుప్పు పట్టదు కానీ మన ఉత్తరాంధ్ర ఉప్పుగాలికి, చెమ్మకి పైన సన్నటి నల్లటి పొర కడుతుంది. ఆ పొరే మోడల్ ఇంజన్లకి అసలు శత్రువు, ఎందుకంటే కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారానే మోటారుకి ఎక్కాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలుగుడ్డతో ముందురోజే అంతా తుడిచాను. ఇంజను పెట్టే ముందు చక్రాలన్నీ పట్టాల మీద సరిగ్గా కూర్చున్నాయా అని వంగి, కన్ను పట్టాల ఎత్తుకి తెచ్చి చూసుకోవాలి. కంట్రోలర్ 12 వోల్టుల డీసీ. గుండీని నెమ్మదిగా తిప్పితే మొదట ఏమీ కాలేదు, తర్వాత చిన్న గుర్రుమనే చప్పుడు, కడ్డీలు ఒకసారి పైకి లేచి కిందికి దిగాయి. కదిలింది!

కొత్త ఇంజనుని తీసిన వెంటనే డబ్బాలు తగిలించి లాగించకూడదు. ఒట్టి ఇంజనునే మధ్యస్తం వేగంలో ఒక దిక్కున అరగంట, రెండో దిక్కున అరగంట తిప్పాలి. లోపలి పళ్ళచక్రాలు ఒకదానికొకటి అలవాటు పడతాయి, నూనె అంతటా పాకుతుంది, మోటారుకి కరెంటు అందించే బ్రష్‌లు చక్కగా కూర్చుంటాయి. ఈ అరగంటలు విసుగనిపిస్తాయని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి, ఇంజను ఆయుష్షు, నడక రెండూ అక్కడే తేలతాయి. నాకైతే ఒక్క క్షణం విసుగు రాలేదు. కుర్చీ లాక్కుని బల్ల అంచున గడ్డం ఆనించి చూస్తూ కూర్చున్నాను. మేనల్లుడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు, మా ఆవిడ టీ తెచ్చి తనూ అక్కడే నిలబడిపోయింది.

రెండు దిక్కులా తిప్పడం అయ్యాక సరదాగా గుండీ కాస్త ఎక్కువ తిప్పాను. ఇంజను గిరగిరా తిరిగింది. అప్పటిదాకా మాట్లాడకుండా చూస్తున్న మావయ్య మొహం చిట్లించాడు.

"ఒరే అల్లుడూ, అంత బేగి తోలకు. మన బండి అలగెల్లేది కాదు. పక్కన సైకిల్ మీదెల్లేటోడు డ్రైవర్‌తోటి మాటాడుకుంటూ వచ్చీవోడు."

ఆ మాటతో నాకు చిన్నప్పటి బండి మొత్తం కళ్ళముందుకి వచ్చింది. అవును, దాని అందమంతా ఆ నెమ్మదిలోనే. చేలల్లో పనిచేసేవాళ్ళు నడుం ఎత్తి బండిలో తెలిసినవాళ్ళని పేరు పెట్టి పిలిచి, మంచీచెడ్డా అడిగి, జవాబు కూడా వినేంత నెమ్మది. సరే, మోడల్ మీద ఆ వేగం ఎంత ఉండాలో లెక్క వేద్దామని కాగితం తీసుకున్నాను. గంటకి 20 కిలోమీటర్లు అనుకుందాం. 76.2తో భాగిస్తే గంటకి 262 మీటర్లు, సెకనుకి 7.3 సెంటీమీటర్లు. నా గుండ్రం చుట్టుకొలత 188 సెంటీమీటర్లు. అంటే ఒక రౌండ్ తిరగడానికి దాదాపు 26 సెకన్లు పట్టాలి. మేనల్లుడు ఫోన్లో టైమర్ పెట్టాడు, నేను గుండీని వెంట్రుకవాసి చొప్పున తగ్గిస్తూ వచ్చాను, 26 సెకన్లకి తెచ్చేసరికి మావయ్య తలూపాడు. "ఇదీ. తెంబూరు దాటాక ఇలగే ఎల్లీది."

మోడల్ ఇంజన్లు కొనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, అది ఎంత వేగంగా పరిగెడుతుందో చూడకండి, ఎంత నెమ్మదిగా ఆగకుండా నడుస్తుందో చూడండి. వేగంగా ఏ చవక మోటారైనా తిరుగుతుంది. చక్రం ఒక్కో ఆకు లెక్కపెట్టేంత నెమ్మదిగా, కుదుపు లేకుండా, కడ్డీలు ఒకే లయలో పైకీ కిందికీ ఆడుతూ నడవాలంటే మోటారు, పళ్ళచక్రాలు, బరువు, కరెంటు తీసుకునే రేకులు అన్నీ బాగుండాలి. చిన్న ఇంజన్లకి ఇది మరీ కష్టం, ఎందుకంటే చక్రాల మధ్య దూరం తక్కువ. పాయింట్స్ దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళేచోట, రెండు పట్టాలు కలిసే దగ్గర చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అక్కడ కరెంటు ఉండదు, పొడుగు ఇంజనైతే వెనక చక్రాలు కరెంటు అందుకుంటాయి, పొట్టి ఇంజను ఆ ముక్క మీదే నిలబడిపోవచ్చు. నాది లూపులోకి వెళ్తూ ఒకసారి తడబడింది, చక్రాలు మళ్ళీ తుడిచి, పాయింట్స్ దగ్గర పట్టాలు తుడిచి వదిలాక అదే నెమ్మదిలో దాటేసింది. ఇంకా మంచి పద్ధతి ఆ కూడలి ముక్క కూడా లోహంతో ఉండి, పాయింట్స్ మారినప్పుడల్లా దానికి కరెంటు మార్చే స్విచ్ పెట్టుకోవడం, తర్వాత వేసే పట్టాలన్నీ అవే తీసుకుంటాను.

ఆ సాయంత్రం మావయ్య మాట్లాడినంతగా నేను ఎప్పుడూ వినలేదు. మోడల్ క్యాబ్‌లోకి అగ్గిపుల్లతో చూపిస్తూ, ఇదిగో ఇది నీళ్ళ గాజుగొట్టం, ఇందులో నీళ్ళు కనబడకపోతే ఫైర్‌మేన్‌కి ప్రాణం పోయినంత పని అనీ, బాయిలర్లో నీళ్ళు తగ్గితే ఫైర్‌బాక్స్ పైకప్పు కాలిపోతుందనీ చెప్పాడు. ఆవిరి బలంతోనే ఇంజెక్టర్ ట్యాంకులో నీళ్ళని బాయిలర్లోకి తోస్తుంది, అది ఒక్కోసారి పట్టదు, అప్పుడు ఆవిరి, నీళ్ళు కొళాయిలు అటూ ఇటూ సర్దుతూ చెవితో వినాలట, పట్టుకున్నప్పుడు దాని చప్పుడే వేరట. బొగ్గు ఒకేచోట కుప్పగా వేయకూడదు, పలచగా అన్ని మూలలకీ పడాలి, పార మణికట్టుతో తిప్పాలి అని గాల్లో చెయ్యి తిప్పి చూపించాడు. నౌపడలో ఉప్పుమళ్ళ నుంచి వచ్చిన బస్తాలు ఎక్కిస్తే బండి బరువెక్కి, ఎత్తు వచ్చేచోట చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసక వదులుతూ ఎక్కేవాళ్ళట. మా పిల్లలు కింద కూర్చుని వింటున్నారు. వాళ్ళకి ఆవిరి ఇంజను అంటే ఎలా పనిచేస్తుందో ఏ పుస్తకమూ అంత బాగా చెప్పి ఉండదు. చేతిలో ఆ చిన్న ఇంజను లేకపోతే ఆయనా ఇవన్నీ చెప్పి ఉండేవాడు కాదు.

తర్వాత ఇంజనుని వెనక్కి నడిపించాం, ఆయన కోసం. పెద్ద చక్రాలు ముందు, చిన్నవి వెనకాల. పొగగొట్టం వెనక్కి పోయింది కాబట్టి పూర్తిగా మన ఇంజను కాదు గానీ, కింద చక్రాల వరకే చూస్తే అచ్చం అదే వరస. "సక్రాలు మాత్రం మనవే" అన్నాడు. తిరిగి ఊరెళ్ళేటప్పుడు రైల్వే రోజుల నాటి తన ఇత్తడి బ్యాడ్జీ పంపిస్తానని చెప్పి, మాట ప్రకారం పంపాడు. బల్ల ముందు గోడకి మేకు కొట్టి తగిలించాను.

ఇప్పుడు పని మొదలుపెట్టాను. బల్ల మీద ఒక పక్క నౌపడ, ఉప్పుమళ్ళు తెల్లటి ప్లాస్టర్‌తో చేద్దామని. రెండో పక్క టెక్కలి పాత స్టేషన్. మధ్యలో తాటిచెట్లు, జీడితోట, వరిచేలు. ఉప్పు బస్తాలకి గూడ్సు డబ్బాలు రెండు ఆర్డర్ చేయాలి, ప్యాసింజర్ పెట్టెలు మాత్రం నేనే అట్టతో, ప్లాస్టిక్ షీటుతో కట్టుకుంటాను, ఎందుకంటే ఆ కిటికీలు, చెక్క బల్లలు నాకు బాగా గుర్తు.

స్టేషన్ బిల్డింగు కొలతలు కావాలి. టెక్కలి గానీ తెంబూరు గానీ పాతపట్నం గానీ, 2004కి ముందు న్యారోగేజ్ రోజుల ఫొటోలు మీ ఇంట్లో పెళ్ళి ఆల్బముల్లోనో, తాతగారి పెట్టెలోనో ఉంటే ఒకసారి వెతికి పెట్టండి. నలుపు తెలుపు అయినా, చెరిగిపోయినదైనా పర్వాలేదు. గోడ పక్కన మనిషి నిలబడి ఉన్న ఫొటో అయితే ఇంకా మంచిది, ఆ మనిషి ఎత్తును బట్టి తలుపు ఎత్తు, చూరు ఎత్తు లెక్కగట్టుకోవచ్చు. ఐదున్నర అడుగుల మనిషి నా బల్ల మీద 22 మిల్లీమీటర్లు ఉంటాడు.